పిల్లికూన చెవిలో పేరు

పిల్లికి పేరు పెట్టడం మన ఇళ్ళల్లో పాత అలవాటు కాదు. ఆవుకు గౌరి అనో లక్ష్మి అనో పేరుండేది. కుక్కకు రాజు అనో టామీ అనో ఉండేది. పిల్లి మాత్రం పిల్లే. పొయ్యి పక్కన పడుకున్నా, గాదె దగ్గర ఎలుకలు పట్టినా, దానికంటూ ఒక పిలుపు ఉండాలని పెద్దగా ఎవరికీ తోచలేదు. పిలిస్తే రాదన్న నమ్మకం ఒక కారణం. కూనల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పే ప్రాణి ఏ ఇంటిదో తేలకపోవడం ఇంకో కారణం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పిల్లి గడప దాటకుండా పెరుగుతోంది, ఇంటి మనిషైపోయింది. టీకా కార్డు మీద రాయించడానికైనా దానికో పేరు కావాలి. ఆ పేరు పక్కింట్లో లేనిదై ఉండాలన్న పట్టుదల కూడా వచ్చింది. చింటూ వద్దు, స్నోయీ వద్దు, సింబా అసలే వద్దు; ఇంకెవరికీ తట్టనిది కావాలి.

ఈ పట్టుదల నాకు నచ్చుతుంది. కాకపోతే ఆ పేరు ఎవరి చెవికి కొత్తగా ఉండాలన్నది ముందు తేల్చుకోవాలి. వీధిలో ఎన్ని సింబాలున్నా మన కూనకు తెలియదు. దానికి తెలిసింది మన ఇల్లు, ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు రాత్రి లైట్లు ఆర్పేదాకా దొర్లే మాటలు. ఆ రొదలో విడిగా, తేటగా వినబడేదే పిల్లికి సంబంధించినంతవరకు అరుదైన పేరు. ఇది నా సొంత ఊహ కాదు. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో కొందరు శాస్త్రవేత్తలు పిల్లుల చెవుల వంక ఓపిగ్గా చూస్తూ కూర్చుని తేల్చిన సంగతుల నుంచి వచ్చింది.

టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయానికి చెందిన అత్సుకో సైతో వారిలో ముఖ్యురాలు. 2013లో ఆమె, కజుతాకా షినోజుకా కలిసి 20 పెంపుడు పిల్లులను పరీక్షించి, అవి యజమాని గొంతును కొత్తవాళ్ళ గొంతు నుంచి విడదీసి గుర్తుపడతాయని చూపించారు. ఆ తర్వాత ఆమె వేసుకున్న ప్రశ్న ఇది: గొంతు సరే, పేరు తెలుస్తుందా? కుక్కను ఈ సంగతి అడగడం తేలిక. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుని, ఏది తెమ్మంటే అది తెచ్చేది. పిల్లి రమ్మంటే రాదు, తెమ్మంటే తేదు. కొత్తచోటికి తీసుకుపోతే బల్లకిందికి దూరి ఇక బయటికే రాదు. అందుకని సైతో బృందం పిల్లులున్న చోటికే వెళ్ళింది: ఇళ్ళకు, పిల్లుల కేఫ్‌లకు.

ప్రయోగం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. పిల్లి ఒకచోట కుదురుగా ఉన్నప్పుడు, రికార్డు చేసిన గొంతుతో నాలుగు మాటలు వరసగా వినిపిస్తారు. ఒక్కో మాటకు మధ్య 15 సెకన్ల విరామం. ఆ నాలుగూ మామూలు నామవాచకాలే. అయితే పిల్లి పేరు ఎంత పొడవుందో అవీ అంతే పొడవు, పేరులో ఊనిక ఎక్కడ పడుతుందో వాటిలోనూ అక్కడే. మొదటి మాటకు పిల్లి చెవి తిప్పుతుంది, తలా తిప్పవచ్చు. రెండోదానికి చెవి ఒక్కటే. మూడు, నాలుగు వచ్చేసరికి చాలా పిల్లులు ఇది మనకు సంబంధించింది కాదని వదిలేస్తాయి. అప్పుడు అయిదో మాటగా పేరు వస్తుంది. అంతవరకూ సన్నగిల్లిన స్పందన ఒక్కసారిగా మళ్ళీ లేచిందంటే, ఆ పిల్లి తన పేరును మిగతా మాటల నుంచి వేరుచేసి విన్నదన్నమాట. మొత్తం 78 పిల్లులతో చేసిన ఈ ప్రయోగాల ఫలితాలు 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చాయి. ఇళ్ళల్లో పెరిగే పిల్లులు తమ పేరును గుర్తించాయి. ముక్కూమొహం తెలియని మనిషి గొంతుతో వినిపించినా గుర్తించాయి.

ఇక్కడ స్పందన అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలి. చెవి పక్కకు తిరగడం, తల కాస్త కదలడం: చాలావాటిలో కనిపించింది ఇంతే. తోక ఊపినవి, అరిచినవి, లేచి వచ్చినవి బాగా తక్కువ. మనం పిలిచిన పిలుపు వృథా పోయిందనుకున్న ప్రతిసారీ అది నిజంగా వృథా పోలేదని ఈ ప్రయోగం చెప్పింది. పిల్లి విన్నది. రావాలో వద్దో తర్వాతి సంగతి. పిల్లి పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి గుంపుగా బతికే జంతువు కాదు, ఒంటరిగా వేటాడేది. ఇంకొకరి పిలుపుకు పరుగెత్తి వెళ్ళే అవసరం దాని బతుకులో లేదు. మనిషి కుక్కను వేటకూ కాపలాకూ పనికొచ్చేలా తరతరాలుగా ఎంచి పెంచాడు. పిల్లిని అలా మాట వినడం కోసం ఎంచింది లేదు. ధాన్యం ఉన్నచోట ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది, మనిషి వద్దనలేదు.

ఈ ప్రయోగాల్లో పేర్ల గురించి ఆలోచించేవారికి అన్నిటికంటే పనికొచ్చే ముక్క కేఫ్ పిల్లులది. రెండో రకం పరీక్షలో మామూలు మాటలకు బదులు తోటి పిల్లుల పేర్లు వినిపించి, చివర ఆ పిల్లి సొంత పేరు వినిపించారు. ఇళ్ళల్లో పిల్లులు అప్పుడూ తమ పేరును పట్టుకున్నాయి. కేఫ్ పిల్లులు పట్టుకోలేదు. కేఫ్‌లో రోజూ కొత్త మనుషులు వస్తారు, తోచిన పిల్లిని తోచిన పేరుతో పిలుస్తారు, ఎవరి పేరు పిలిచినా దగ్గరున్నదాన్ని నిమురుతారు, తినడానికి పెడతారు. అలాంటప్పుడు తన పేరుకూ పక్కవాడి పేరుకూ తేడా తెలుసుకుని పిల్లికి ఒరిగేదేముంది? ఇంట్లో రెండు మూడు కూనలున్నవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చింటూ, పింటూ, బంటీ అని వరసగా, మన చెవికి ఇంపుగా పేర్లు పెట్టి, తిండివేళ మూడూ ఒకే ఊపిరిలో పిలిచి, మూడు గిన్నెలూ ఒకేసారి పెడితే మన ఇంట్లోనే ఒక కేఫ్ తయారవుతుంది. ఒక్కోదాన్ని విడిగా పిలిచి, దాని గిన్నె దానికి పెట్టాలి. పేర్లు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

కలిసి పెరిగే పిల్లులు ఒకదాని పేరు ఒకటి కూడా నేర్చుకుంటాయని 2022లో సాహో తకాగి, ఆమె సహచరులు చూపించారు. స్నేహితపిల్లి పేరు వినిపించి, తర్వాత తెర మీద ఇంకో పిల్లి మొహం చూపిస్తే ఇంటి పిల్లులు ఎక్కువసేపు కళ్ళప్పగించి చూశాయి. రావలసిన మొహం రాలేదని వాటికి తెలిసింది. అదే తకాగి బృందం 2024లో 31 పిల్లులకు తెర మీద బొమ్మలు చూపిస్తూ, యజమాని గొంతుతో కెరారు, పరుమో అనే అర్థంలేని కల్పిత మాటలు వినిపించింది. తొమ్మిదేసి సెకన్ల చొప్పున రెండుసార్లు చూపించాక బొమ్మలు తారుమారు చేస్తే పిల్లులు తేడా పట్టేశాయి. కెరారు, పరుమో అన్నవి ఏ భాషలోనూ లేని మాటలు. అయినా పిల్లులకు అది అడ్డం రాలేదు. కనుక మనం పెట్టబోయే పేరుకు అర్థం ఉందా, అది ఏ నిఘంటువులో దొరుకుతుంది అన్న బెంగ పిల్లి కోసం పెట్టుకోనక్కరలేదు.

అర్థం పట్టని చెవికి ధ్వని మాత్రం బాగా పడుతుంది. మన చెవికి అందేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా. పిల్లి చెవికి 48 నుంచి 85,000 హెర్ట్జ్‌ల దాకా అందుతుందని 1985లో రికీ హెఫ్నర్, హెన్రీ హెఫ్నర్ కొలిచారు. ఎలుకలు తమలో తాము మనకు వినబడనంత కీచుగా మాట్లాడుకుంటాయి. పిల్లికి అది వినబడుతుంది. పైకి కనిపించే చెవిడొప్పను తిప్పడానికి దానికి ముప్పై దాకా కండరాలున్నాయి. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు, వేటికవే తిరుగుతాయి. పడుకున్న పిల్లి కళ్ళు తెరవకుండా ఎడమ చెవి ఒక్కదాన్నే వంటింటివైపు తిప్పడం చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కరలేదు. ఆ చెవి అతి సున్నితంగా పనిచేసేది 8,000 హెర్ట్జ్‌ల దగ్గర. మన మాటల్లో అంత ఎత్తుకు చేరేవి స, శ, చ లాంటి హల్లుల్లో ఉండే గాలి రాపిడి ధ్వనులు. పిల్లిని పిలవడానికి నోటికి తనంతట తానే వచ్చే 'ప్స్ ప్స్' పనిచేయడంలో ఈ సంగతి ఉంది. అలాగని పేరులో 'స' ఉండి తీరాలని నేను అనను. సైతో పరీక్షించిన పిల్లులకు రకరకాల జపాను పేర్లుండేవి, అవి గుర్తించాయి. అయితే రెండు పేర్ల మధ్య ఎటూ తేలక ఊగుతున్నప్పుడు, స గానీ చ గానీ ఉన్నదానివైపు మొగ్గడం మంచిదే.

తెలుగు మాట్లాడే ఇంట్లో దీనికి ఇంకో మెలిక ఉంది. మన పిలుపులో చివరి అచ్చు సాగుతుంది. మల్లి అన్న పేరు చూడండి, తెల్ల కూనకు ముచ్చటగా ఉంటుంది. పిలిచేటప్పుడు అది మల్లీ అవుతుంది. మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు, మళ్ళీ ఆ సీరియలేనా: ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు ఈ మాట దొర్లుతుందో లెక్కపెట్టలేం. అన్నిసార్లూ పిల్లికి ఏమీ జరగదు. సైతో ప్రయోగంలో మూడో మాటకు, నాలుగో మాటకు ఏం జరిగిందో ఇక్కడా అదే జరుగుతుంది. చెవి తిరగడం మానేస్తుంది. రాణి కూడా అంతే. రాణీ అన్న పిలుపుకూ, రానీలే అనే మాటకూ దూరం ఎంతో లేదు. చిన్ని అని పెడితే చిన్నా, చిన్నది, చిన్నగా అన్నీ అడ్డం పడతాయి. ఇంట్లో పాపను బుజ్జీ అంటూ పిల్లినీ బుజ్జీ అంటే ఇద్దరికీ అన్యాయమే.

కాటుక, గవ్వ, ఇంగువ, కుంకుడు, తుమ్మెద. ఇవి రోజూ నోట్లో నలగనివి, పిలవడానికి పొట్టివి, మన ఊళ్ళవి. నల్ల కూనకు కాటుక కంటే మంచి పేరు నాకు తట్టదు. పునుగు అన్న పేరు నాకు మరీ ఇష్టం. గోధుమరంగులో గుండ్రంగా ఒదిగి పడుకున్న కూన సాయంత్రం బండిమీద వేగిన పునుగులాగే ఉంటుంది. పునుగుపిల్లి అని వేరే జంతువూ ఉంది, దాని తైలాన్ని తిరుమలలో శ్రీవారి మూలమూర్తికి పూస్తారు. అది పేరుకు పిల్లేగానీ పిల్లి కుటుంబానిది కాదు, విడిగా దానిదే ఒక కుటుంబం.

పేరు ఎంచుకోవడం సగం పని. దాన్ని పాడుచేయకుండా కాపాడుకోవడం మిగతా సగం, కష్టమైన సగం. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు. రాయలవారు ఎలుకల బెడద పోవడానికి ఇంటికో పిల్లినీ, దానికి పాల కోసం ఆవునూ ఇచ్చారు. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు, మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు తీసింది. నేర్చుకోవడం అన్నదాని గురించి ఇంత చక్కని పాఠం అరుదు. రష్యాలో పావ్లోవ్ కుక్కలతో దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలోని మూలసూత్రం ఇదే: ఒక గుర్తు వెంట ఏది వస్తే ఆ గుర్తు అదే అయిపోతుంది. పేరు కూడా ఒక గుర్తే. దాని వెంట గిన్నె, నిమరడం, ఆట వస్తే చెవి ఆత్రంగా తిరుగుతుంది. దాని వెంట స్నానం, మందు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే బుట్ట వస్తే ఆ పేరు కాగిన పాలే. సోఫా గీరినప్పుడు కాటుకా అని అరిచే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇవాళే మాన్పించాలి. వద్దు అనడానికి వేరే మాట ఏదైనా వాడుకోవచ్చు, పేరు మాత్రం వాడకూడదు. బుట్టలో పెట్టాల్సినప్పుడు పిలవకుండా మనమే దగ్గరికి వెళ్ళాలి.

ఎవరు పిలుస్తారన్నదీ, ఎలా పిలుస్తారన్నదీ లెక్కలోకి వస్తాయి. ఫ్రాన్స్‌లో షార్లెట్ ద ముజోన్ బృందం 16 పిల్లులతో చేసిన పరిశీలనలో, యజమాని తోటి మనుషులతో మాట్లాడే తీరు వదిలి, గొంతు కాస్త హెచ్చించి ముద్దుగా పిల్లితో మాట్లాడే తీరులోకి మారగానే పిల్లులు చెవులు రిక్కించాయి. అదే ముద్దుమాట కొత్తవాళ్ళు అంటే పట్టించుకోలేదు. కాబట్టి ఇంట్లోవాళ్ళంతా ఒకే పేరును ఒకే తీరులో పిలవాలి. అమ్మ కాటుకా అని, నాన్న కిట్టూ అని, తాతయ్య ఏయ్ పిల్లీ అని పిలిస్తే పిల్లికి మూడు నేర్చుకోవాల్సి వస్తుంది.

ఇక రూపాన్ని బట్టి పేరు పెట్టేవారికి ఒక హెచ్చరిక. కూన రూపం నిలకడైనది కాదు. పుట్టిన పిల్లికూనలన్నిటికీ మొదట కళ్ళు నీలంగానే ఉంటాయి. ఆరేడు వారాలకు అసలు రంగు దిగడం మొదలవుతుంది, చాలావాటిలో అది పసుపో ఆకుపచ్చో అవుతుంది. సయామీ కూన దాదాపు తెల్లగా పుడుతుంది. దాని ఒంట్లో నలుపు తయారుచేసే ఎంజైము వెచ్చగా ఉన్నచోట పనిచేయదు, చల్లగా ఉన్నచోట పనిచేస్తుంది. తల్లి కడుపులో అంతా వెచ్చనే కనుక మొత్తం తెలుపు. బయటికొచ్చాక చల్లగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోక క్రమంగా నల్లబడతాయి. వెన్నెల అని పేరు పెట్టిన కూన కొన్ని నెలల్లో మసిబారిన మూతితో తిరుగుతుంది. ఆడో మగో తేలని చిన్న వయసులో మాత్రం రంగు కొంత సాయం చేస్తుంది. ఎరుపు రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఎరుపు, నలుపు రెండూ ఒకే ఒంటిమీద కనిపించాలంటే రెండు ఎక్స్‌లు ఉండాలి. అందుకే మూడు రంగుల కూన దాదాపు ఎప్పుడూ ఆడదే, దానికి నిశ్చింతగా ఆడపేరు పెట్టుకోవచ్చు. ఆ జన్యువు ఏదో 2025లో గానీ ఖాయంగా తెలియలేదు. అమెరికాలో ఒక బృందం, జపాన్‌లో ఒక బృందం విడివిడిగా వెతికి దాన్ని పట్టుకున్నాయి.

పేరు పిల్లికి ఎంత పనిచేస్తుందో పిలిచే మనిషికీ అంత పనిచేస్తుంది. 1963 అక్టోబరు 18న ఫ్రాన్స్ ఒక పిల్లిని రాకెట్‌లో అంతరిక్షం అంచుదాకా పంపి, ప్రాణంతో కిందికి దించింది. శిక్షణలో ఉన్న 14 పిల్లుల్లో వేటికీ పేర్లు పెట్టలేదు, నంబర్లే ఇచ్చారు. పేరు పెడితే వాటిమీద మమకారం పుడుతుందని భయం. వెళ్ళొచ్చిన పిల్లి నంబరు సీ341. పత్రికలు దానికి ఫెలిక్స్ అని పేరు తగిలించాయి. అది ఆడపిల్లి కనుక ఆ పేరు ఫెలిసెత్ అయింది. రెండు నెలల తర్వాత మెదడు పరిశీలించడం కోసం దాన్ని చంపేశారు. ఆ శాస్త్రవేత్తలు మమకారానికి భయపడటంలో పొరపాటు లేదని నా అభిప్రాయం. పేరుకు ఆ శక్తి ఉంది. 2009లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వారు 516 మంది పాడిరైతులను అడిగి చూస్తే, ఆవులను పేరుపెట్టి పిలిచే చోట ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్ల పాలు ఎక్కువ ఇస్తోందని తేలింది. పాలు పేరువల్లే పెరిగాయని ఎవరూ అనలేరు. పేరు పెట్టే రైతు ఆవును దగ్గరగా చూస్తాడు, దాని ఒంట్లో బాగాలేకపోతే ముందుగా పసిగడతాడు. మన తాతముత్తాతల గౌరీ, లక్ష్మీ అలాంటి చూపులోంచి వచ్చిన పేర్లే.

పేరు విచిత్రంగా, పొడుగ్గా ఉండాలని మనసు లాగుతుంటే దానికీ దారి ఉంది. 1939లో టి.ఎస్. ఎలియట్ పిల్లుల మీద రాసిన పద్యాల పుస్తకంలో ప్రతి పిల్లికీ మూడు పేర్లు కావాలంటాడు: ఇంట్లో పిలవడానికి ఒకటి, ఇంకే పిల్లికీ లేనిది ఒకటి, పిల్లికి మాత్రమే తెలిసినది ఒకటి. మొదటి రెండూ మన చేతిలో ఉన్నవే. అమెరికాలో జాక్ హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త 1975లో ఒక పరిశోధన పత్రం ఒక్కడే రాసి, అంతటా 'మేము' అని టైపు చేశాడు. ఒక్కడే రాస్తే 'మేము' కుదరదని తోటివారు చెప్పారు. కంప్యూటర్లు లేని రోజులు, మొత్తం మళ్ళీ టైపు చేయాలి. తన సయామీ పిల్లిని రెండో రచయితగా చేర్చాడు. ఇంట్లో దాని పేరు చెస్టర్. పత్రం మీద ఎఫ్.డి.సి. విల్లార్డ్: పిల్లి శాస్త్రీయనామంలోని రెండు మాటలు, చెస్టర్, తండ్రిపిల్లి పేరు కలిపి అల్లినది. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఆ పత్రం నిజంగానే అచ్చయింది. కార్డు మీద ఎంత పొడుగు పేరైనా ఉండనివ్వండి. పిలిచేది రెండు మూడు అక్షరాల్లో ఉంటే చాలు.

కూన ఎనిమిది వారాలు నిండాక తల్లిని విడిచి వచ్చిందనుకుందాం. మొదటిరోజు నుంచే, గిన్నె కింద పెట్టే ముందు ఒక్కసారి పేరు పిలవండి. ఊరికే పదేపదే అనకండి. కొన్ని వారాల తర్వాత సైతో చేసిన పరీక్షను మీరే చేసి చూడవచ్చు. కూన మెలకువగా, నింపాదిగా ఉన్నప్పుడు దాని వెనక కూర్చుని, పేరంత పొడవున్న నాలుగు మాటలు, మాటకు మాటకు మధ్య 15 సెకన్లు ఆగుతూ ఒకే గొంతుతో చెప్పండి. అయిదోది పేరు. కళ్ళు, తోక చూడొద్దు, చెవులు చూడండి. ఒళ్ళంతా తెలుపు, రెండు కళ్ళూ నీలం ఉన్న కూన ఏ చప్పుడుకూ కదలకపోతే దాన్ని మొండిదనుకోకండి. అలాంటి పిల్లుల్లో చెవుడు ఎక్కువ, ఈ సంగతి డార్విన్ కూడా 1859లోనే రాశాడు. దానికి చేతి సైగనే పేరుగా నేర్పవచ్చు, అదీ గిన్నె ముందే. మిగతా కూనల్లో చెవి తిరగకపోతే పేరు మార్చకండి. అదే పేరు, అదే గొంతు, అదే గిన్నె ముందు, ఇంకొన్ని వారాలు పిలవండి.